పగలు నిద్రపోయే ఊళ్లో ఇంటి మరమ్మతు

అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటుకు మరమ్మతు మొదలుపెట్టడమంటే, గోడలూ శ్లాబులూ పైపులూ మెట్లూ ఉమ్మడిగా ఉన్న కట్టడంలో ఒక కుటుంబం తన అవసరం కోసం మిగిలిన కుటుంబాల విశ్రాంతిని కొన్నాళ్లపాటు అప్పు తీసుకోవడమే. పాత టైల్స్ ఊడగొట్టేటప్పుడు, కరెంటు పైపుల కోసం గోడలో గాడి కొట్టేటప్పుడు, బాత్‌రూమ్ నేల తవ్వేటప్పుడు పుట్టే చప్పుడును పూర్తిగా ఆపే ఉపాయం లేదు. అయితే ఆ చప్పుడు ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో, ఏ రోజుతో ముగుస్తుందో పొరుగువారికి ముందే తెలిస్తే, వారి దినచర్యను బట్టి ఆ వేళల్ని సర్దితే, చాలా తగాదాలు అసలు మొదలే కావు. ఈ సంగతి అన్ని ఊళ్లకూ వర్తించేదే అయినా, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో దీనికి మరింత ప్రాధాన్యం ఉంది. అక్కడ ఎన్నో ఇళ్లలో సంపాదించే మనిషి నిద్రపోయేది పట్టపగలు.

బండ్ల వేళలే ఇంటి వేళలు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూర్ నుంచి తూర్పు దిక్కుగా వేసిన మార్గంలో బిలాస్‌పూర్‌ను ముఖ్యమైన జంక్షన్‌గా పెంచింది. అదే కంపెనీ బండ్లు ఉత్తరాంధ్ర మీదుగానూ నడవడం వల్ల, 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తికావడం వల్ల, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి రైల్వే కొలువులకు వెళ్లిన కుటుంబాలు ఈ వైపు ఊళ్లలో స్థిరపడ్డాయి. బిలాస్‌పూర్ రైల్వే ప్రాంతంలోని బారాఖోలీ దగ్గర తెలుగువారు జరుపుకొనే సోలాపురి మాత పూజ ఆ వలసకు నేటికీ కనిపించే గుర్తు. ఆగ్నేయ మధ్య రైల్వే 2003లో బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రంగా పనిచేయడం మొదలుపెట్టింది. బిలాస్‌పూర్, రాయపూర్, నాగపూర్ డివిజన్లు దాని పరిధిలోకి వచ్చాయి. ఇంతకుముందు క్వార్టర్లలో గడిపిన కుటుంబాలు ఉద్యోగ విరమణ తరువాత ఊళ్లోని అపార్ట్‌మెంట్లకు మారుతుండగా, ఉద్యోగంలో ఉన్నవారు కూడా వాటిలో సొంత ఫ్లాట్లు కొనుక్కుంటున్నారు. అందుచేత ఒకే మెట్లదారిలో తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, బెంగాలీ, ఒడియా మాట్లాడే ఇళ్లు పక్కపక్కన ఉండడం, ఒక్కొక్క ఇంటి డ్యూటీ ఒక్కొక్క వేళకు పడడం అక్కడ మామూలు విషయం.

కోర్బా గనుల నుంచి బొగ్గు మోసే గూడ్సు బండ్లకు పగలూ రాత్రీ అన్న తేడా లేదు. వాటిని నడిపే లోకో పైలట్లకు, సహాయ లోకో పైలట్లకు, 2022 నుంచి ట్రైన్ మేనేజర్లని పిలుస్తున్న గార్డులకు స్థిరమైన ఆఫీసు వేళలు ఉండవు. బండి సిద్ధమైనప్పుడు, డ్యూటీలు వేసే కార్యాలయమైన లాబీ నుంచి కాల్ వస్తుంది, దాన్ని బట్టి బయలుదేరాలి. ఎనిమిది గంటలు గానీ అంతకు మించి గానీ డ్యూటీ చేసి సొంత ఊరికి తిరిగివచ్చిన రన్నింగ్ సిబ్బందికి, అంటే బండితో పాటు ప్రయాణిస్తూ పనిచేసేవారికి, 16 గంటల విశ్రాంతి ఇవ్వాలని నిబంధన ఉంది. ఉదయం ఏడు గంటలకు దిగిన లోకో పైలట్‌కు ఆ విశ్రాంతి రాత్రి పదకొండింటితో తీరిపోతుంది కాబట్టి, అతడు నిద్రపోవలసిన సమయమంతా ఊళ్లో మేస్త్రీలు పనిచేసే సమయమే అవుతుంది. పైగా శరీరంలోని సహజ లయ పగటిపూట మెలకువనే కోరుకోవడం వల్ల, పగటి నిద్ర రాత్రి నిద్ర కన్నా తక్కువసేపు పడుతుంది, చిన్న అలికిడికే చెదిరిపోతుంది. ఆ నిద్ర మీద వందలాది ప్రయాణికుల భద్రత ఆధారపడి ఉంటుంది కనుకనే, సిబ్బంది కుటుంబాలను సమావేశపరచి ఇంట్లో విశ్రాంతికి భంగం కలగకుండా చూడమని చెప్పడం రైల్వేలో అలవాటుగా ఉంది. ఇంటివారు టీవీ కట్టేసి, పిల్లల్ని బయటికి పంపి కాపాడిన నిద్రను పై ఫ్లాటులోని బ్రేకర్ మిషన్ ఒక్క క్షణంలో పాడుచేయగలదు.

చప్పుడు గోడల్లో ఎలా నడుస్తుంది

కట్టడంలో చప్పుడు రెండు దారుల్లో ప్రయాణిస్తుంది. మాటలు, రేడియో, కటింగ్ మిషన్ మోత గాలిలో పుట్టి, గోడకు తగిలి, బలహీనపడి అవతలికి చేరతాయి. రెండువైపులా ప్లాస్టరు చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఇటువంటి గాలి శబ్దాన్ని సుమారు 40 డెసిబెళ్ల మేరకు తగ్గించగలదు. రెండో దారిలో, గోడకు గానీ శ్లాబుకు గానీ నేరుగా డ్రిల్లు పెట్టినప్పుడు, సుత్తితో ఉలిని కొట్టినప్పుడు ప్రకంపన నేరుగా కాంక్రీటులోకే దిగుతుంది. గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు నడిచే శబ్దం కాంక్రీటులో 3,000 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది, పైగా దారిలో పెద్దగా శక్తిని కోల్పోదు. రెండంతస్తుల కింద ఉన్నవారికి పని తమ గది పక్కనే జరుగుతున్నట్టు వినబడడానికి, తలుపులు బిగించుకున్నా ఉపశమనం దొరకకపోవడానికి కారణం ఇదే.

శబ్దాన్ని కొలిచే డెసిబెల్ మామూలు అంకెల్లా కూడికకు లొంగదు. పది డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది, చెవికి మాత్రం మోత సుమారు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. ఒకే స్థాయిలో మోగే రెండు యంత్రాలను కలిపి నడిపితే మొత్తం మీద పెరిగేది మూడు డెసిబెళ్లే. ఈ లెక్కలో ఇల్లు బాగుచేయించుకునేవారికి ఎంతో పనికొచ్చే సూత్రం దాగి ఉంది. బాత్‌రూమ్‌లో ఒకరు, వంటింట్లో ఒకరు ఒకేసారి టైల్స్ ఊడగొడితే పొరుగువారికి వినబడే మోత కొద్దిగానే పెరుగుతుంది, వారు భరించవలసిన సమయం మాత్రం సగానికి తగ్గుతుంది. ఒకే మనిషితో రోజుకు కాసేపు చొప్పున రెండు వారాలు కొట్టించడం కన్నా, ఇద్దరు ముగ్గురిని పెట్టి మోత పనులన్నీ నాలుగు రోజుల్లో ముగించడం మేలని చెప్పడానికి ఇదే ఆధారం.

చికాకుకు శబ్దతీవ్రత ఒక్కటే కారణం కాదని మనస్తత్వ శాస్త్రం కూడా చెబుతోంది. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే అమెరికన్ పరిశోధకులు జరిపిన ప్రయోగాలు 1972లో పుస్తకంగా వచ్చాయి. ఎప్పుడు వస్తుందో తెలియని శబ్దానికి గురైనవారు, అంతే తీవ్రత ఉన్నా క్రమం తప్పకుండా వచ్చే శబ్దాన్ని విన్నవారి కన్నా, ఆ తరువాత ఇచ్చిన పనుల్లో త్వరగా ఓపిక కోల్పోయినట్టు వాటిలో తేలింది. అవసరమైతే శబ్దాన్ని ఆపేయవచ్చంటూ మీట ఇచ్చినప్పుడు, దాన్ని వాడకపోయినా, శ్రోతల్లో ఓపిక మెరుగ్గా నిలిచింది. దీన్నిబట్టి, పనివేళల పట్టికను, ఇబ్బంది కలిగినప్పుడు ఫోను చేయగల నంబరును పొరుగువారి చేతికి ఇవ్వడం మర్యాద కోసం చేసే పని మాత్రమే కాదనీ, వారి చికాకును నిజంగా తగ్గించే సాధనమనీ గ్రహించవచ్చు.

చట్టం ఇచ్చే రక్షణ, అది చేరని చోటు

దేశంలో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు పగలు, మిగిలినది రాత్రి. నివాస ప్రాంతాల్లో పరిసర శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించరాదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట ఆ హద్దులు 50, 40 డెసిబెళ్లు. నివాస ప్రాంతాల్లోనూ నిశ్శబ్ద మండలాల్లోనూ మోత చేసే నిర్మాణ యంత్రాలను రాత్రివేళ వాడకూడదని 2010లో చేసిన సవరణ స్పష్టంగా చెబుతోంది. హద్దు కన్నా పది డెసిబెళ్లు గానీ అంతకు మించి గానీ శబ్దం పెరిగితే, జిల్లా మేజిస్ట్రేటు వంటి నిర్దేశిత అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. మోతకు లోనుకాకుండా బతకడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన తీర్పు ఈ నిబంధనలకు మరింత బలం చేకూర్చింది.

అయితే చట్టం నిద్రకు కేటాయించిన రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఉన్న ఎనిమిది గంటలూ, రాత్రి డ్యూటీ భత్యం లెక్కకట్టడానికి తీసుకునే ఎనిమిది గంటలూ ఒక్కటే. చట్టం ఊరినంతటినీ నిద్రపుచ్చే వేళకు రైల్వే ఉద్యోగి పనిలో ఉంటాడు, అతడు ఇంటికి చేరి పడుకునే వేళకు చట్టం దృష్టిలో పగలు మొదలవుతుంది. కాబట్టి ఉదయం పదింటికి డ్రిల్లు పట్టిన మేస్త్రీ ఏ నిబంధననూ మీరలేదన్నది ఎంత నిజమో, పక్క ఫ్లాటులోని మనిషికి న్యాయం జరగలేదన్నదీ అంతే నిజం. ఆ వెలితిని నింపవలసింది అపార్ట్‌మెంటు సంఘం, అంతకన్నా ముందు ఇరుగుపొరుగు మధ్య మాట.

ఇతర దేశాల్లో ఈ వెలితిని కొంతవరకు నిబంధనలతోనో ఆచారాలతోనో పూడ్చారు. జర్మనీలో 2002 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో మోత చేసే యంత్రాలను ఆరుబయట రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఏడు వరకు, ఆదివారాలు, సెలవు రోజులు పూర్తిగా వాడకూడదు. సింగపూర్‌లో ప్రభుత్వ గృహాల సంస్థ గోడలు కొట్టడం వంటి మోత పనులను సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకే అనుమతిస్తుంది. జపాన్‌లో పని మొదలయ్యే ముందు యజమానో కాంట్రాక్టరో చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి, తువ్వాలు వంటి చిన్న కానుక ఇచ్చి, పని వివరాలు చెప్పి రావడం ఆచారం.

ముందుగా చెప్పడం

తెలుగువారికి జపాన్‌వారి ఈ ఆచారం పరాయిదేమీ కాదు. గృహప్రవేశానికి ఇంటింటికీ వెళ్లి బొట్టుపెట్టి పిలవడం తెలిసిన కుటుంబాలు, గోడ కొట్టే ముందు కూడా అదే విధంగా గడప తొక్కి చెబితే సరిపోతుంది. పక్క ఫ్లాట్లు రెండు, పైన ఒకటి, కింద ఒకటి, ఎదుట ఉన్నవి తప్పనిసరిగా వెళ్లవలసిన ఇళ్లు. ప్రకంపన శ్లాబు గుండా పాకుతుంది కాబట్టి కింది ఫ్లాటు వారిని అందరికన్నా ముందు కలవాలి. పని మొదలయ్యే వారం ముందు స్వయంగా చెప్పి, ఆ తరువాత లిఫ్టు దగ్గర హిందీలోనూ, అవసరమైతే తెలుగులోనూ కాగితం అంటించి, సంఘం వాట్సాప్ గ్రూపులో అదే సమాచారం పెట్టడం మంచి పద్ధతి. పని మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, మోత పనులు జరిగే రోజులు, వేళలు, నీళ్లు ఆపవలసిన గంటలు, యజమాని ఫోను నంబరు, ఠేకేదారు (కాంట్రాక్టరు) ఫోను నంబరు అందులో ఉండాలి.

చెప్పడంతో పాటు అడగడం కూడా ముఖ్యమే. ఇంట్లో ఎవరికి రాత్రి డ్యూటీ, ఎవరు పగలు పడుకుంటారు, పసిపిల్లలు గానీ మంచం పట్టిన పెద్దలు గానీ ఉన్నారా, బోర్డు పరీక్షలు రాసే విద్యార్థి ఉన్నాడా అని ముందే తెలుసుకుంటే పని వేళలను దానికి తగ్గట్టు మలచవచ్చు. స్టేషన్ మాస్టరు షిఫ్టు ముందే తెలిసి ఉంటుంది కనుక అతడి నిద్రవేళను పట్టికలో చూపించవచ్చు. గూడ్సు బండి లోకో పైలట్ విషయంలో అది సాధ్యం కాదు. అటువంటి ఇంటితో ఫోను ఒప్పందమే ఉత్తమం. ఆయన కాల్ మీద బయలుదేరాడని ఆ ఇంటి ఇల్లాలు కబురు చెప్పినప్పుడు బ్రేకర్ పని పెట్టుకుని, తిరిగివచ్చి పడుకున్నాడని తెలిసినప్పుడు ప్లాస్టరు, పుట్టీ, రంగు, వాటర్‌ప్రూఫింగ్ వంటి నిశ్శబ్దపు పనులకు మేస్త్రీని మళ్లించవచ్చు. ఇందుకు ఠేకేదారును మొదటే ఒప్పించుకోవాలి, ఆగిన గంటలకు కూలి ఎవరు భరించాలో ఒప్పందంలోనే రాసుకోవాలి. లేకపోతే ఆ భారం రోజు కూలికి వచ్చే రేజాల మీద, అంటే ఛత్తీస్‌గఢ్‌లో కట్టడం పనులు చేసే ఆడకూలీల మీద పడుతుంది.

ఇద్దరు పొరుగువారి అవసరాలు ఒకదానికొకటి అడ్డువచ్చే సందర్భాలూ ఉంటాయి. ఒకరికి ఉదయం నిద్ర కావాలి, మరొకరి పిల్లవాడికి సాయంత్రం చదువు కావాలి. మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర వరకు ఉండే ఇరుకైన వేళను మోత పనికి కేటాయించి, ఎక్కువమంది పనివాళ్లను పెట్టి ముగించడమే అప్పుడు మిగిలే దారి. వేసవిలో బిలాస్‌పూర్ ఎండకు భయపడి కూలీలు తెల్లవారుజామునే పని మొదలుపెట్టాలని కోరుకుంటారు. ఆ కోరిక న్యాయమైనదే కాబట్టి, ఉదయపు చల్లని గంటలను సామాను మోయడానికి, ఇసుక జల్లించడానికి, మాలు కలపడానికి ఉంచి, యంత్రాలను ఎండ ఎక్కిన తరువాత లోపలి గదుల్లో నడపడం ఇరువర్గాలకూ అనుకూలం.

తెలుగు ఇళ్లలో మరమ్మతుకు ముహూర్తం ఒత్తిడి కూడా తోడవుతుంది. ఆషాఢమో మూఢమో రాకముందే పని పూర్తిచేసి గృహప్రవేశం గానీ పెళ్లి గానీ జరపాలన్న తొందరలో చివరి వారం రాత్రి పొద్దుపోయేదాకా గ్రైండర్ తిప్పించడం, అంతవరకు ఓపిక పట్టిన పొరుగువారిని కూడా దూరం చేస్తుంది. ముహూర్తానికి కనీసం రెండు వారాల ముందే మోత పనులు ముగిసేలా లెక్క వేసుకుంటే ఆ పరిస్థితి రాదు.

మోత తగ్గించే పద్ధతులు

కొన్ని మోతలను అసలు పుట్టకుండానే నివారించవచ్చు. పాత టైల్స్ గట్టిగా అతికి ఉంటే, వాటిని ఊడగొట్టకుండా పైనే పాలిమర్ జిగురుతో కొత్త టైల్స్ పరిచే పద్ధతి వాడుకలో ఉంది. నేల ఎత్తు పెరిగి తలుపులు తగులుతాయేమో, శ్లాబు ఆ అదనపు బరువును మోయగలదేమో ఇంజినీరును అడిగి తెలుసుకుంటే చాలు. గోడలో గాడి కొట్టడానికి ఉలి, సుత్తి వాడే బదులు వజ్రపు బ్లేడున్న కట్టరుతో రెండు గీతలు కోసి మధ్యభాగాన్ని తీస్తే దెబ్బల ప్రకంపన చాలావరకు తప్పుతుంది. ప్లైవుడ్‌ను దుకాణంలోనే కొలతకు కోయించి తెచ్చుకోవచ్చు, లేదా టైల్స్‌తో పాటు కింద ఖాళీ స్థలంలో కోయించవచ్చు. మిషన్ కింద మందపాటి రబ్బరు చాప వేయడం వల్ల నేలలోకి దిగే అదురు తగ్గుతుంది. బాత్‌రూమ్‌లకు గాలి కోసం వదిలిన డక్టు మోతను అన్ని అంతస్తుల వంటిళ్లకూ చేరవేస్తుంది కాబట్టి, ఆ వైపు కిటికీని పని జరిగినన్నాళ్లు మూసి ఉంచాలి.

దుమ్ము విషయంలోనూ అంతే శ్రద్ధ అవసరం. టైల్స్, గ్రానైట్, కాంక్రీటు పొడిగా కోసినప్పుడు లేచే సన్నని దుమ్ములో సిలికా స్ఫటికాలుంటాయి. అవి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వ్యాధి కలుగుతుంది, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ దుమ్మును క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. నీళ్లు పోస్తూ కోయడం, ముఖద్వారానికి తడిగుడ్డ గానీ ప్లాస్టిక్ పరదా గానీ కట్టడం, సాయంత్రానికి మెట్లు కడిగించడం పొరుగువారికీ పనివాళ్లకూ మేలు చేస్తాయి. సిమెంటు నీళ్లను సింకులో పోస్తే అవి పైపులో గడ్డకట్టి కింది ఫ్లాటులోకి మురుగు తన్నుతుంది కనుక, పనిముట్లను విడిగా తొట్టిలో కడగాలి. అక్కడివారు మల్బా అని పిలిచే విరిగిన ఇటుకలు, టైల్స్ ముక్కలను గోనెసంచుల్లో కట్టి ఏరోజుకారోజు తరలించాలి. మరమ్మతుల్లో పుట్టే ఇటువంటి వ్యర్థాలకు 2016లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. వాటిని రోడ్డు మీద గానీ కాలువల్లో గానీ పడేసి రాకపోకలకు, నీటి పారుదలకు అడ్డం కలిగించరాదని అవి చెప్పాయి.

పగుళ్లు, నష్టాలు, ఫిర్యాదులు

పని మొదలయ్యే ముందు పక్క, కింది ఫ్లాట్ల గోడలనూ పైకప్పునూ ఆ ఇంటివారి సమక్షంలో ఫోటోలు తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకుంటే, తరువాత కనిపించిన పగులు పాతదా కొత్తదా అన్న వాదన తలెత్తదు. కాంక్రీటు దూలాలు, స్తంభాల మీద నిలిచిన కట్టడంలో మధ్య గోడను తీయడం ఒక్కోసారి సాధ్యమే కానీ, గోడలే బరువు మోసే పాత ఇళ్లలో అది ప్రాణాపాయం. దూలానికి, స్తంభానికి, శ్లాబు ఊచలకు డ్రిల్లు తగలకుండా చూసే బాధ్యతను స్ట్రక్చరల్ ఇంజినీరుకు అప్పగించాలి. రైల్వే క్వార్టర్లలో నివాసి సొంతంగా గోడలు మార్చే వీలు లేదు. మరమ్మతులన్నీ అక్కడి జనం నేటికీ ఐ.ఓ.డబ్ల్యూ. ఆఫీసనే పిలిచే ఇంజినీరింగ్ విభాగం ద్వారానే జరగాలి. అక్కడ కూడా వరుస క్వార్టర్లలో పని చేయించేటప్పుడు ఎవరు ఏ వేళ నిద్రలో ఉంటారో సూపర్‌వైజరుకు చెప్పుకోవచ్చు.

ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పుడు దానికీ ఒక క్రమం ఉంది. మొదట యజమానితో మాట్లాడాలి. మిషన్ పట్టుకున్న కూలీ మీద అరవడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే పని ఆపే అధికారం అతడికి ఉండదు. తరువాత సంఘానికి రాతపూర్వకంగా చెప్పాలి. రాత్రి పది దాటాక యంత్రం నడిస్తే 112కు ఫోను చేయవచ్చు. మోత రోజుల తరబడి చాలామందికి బాధ కలిగిస్తుంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద దాన్ని తొలగించమని ఆదేశించే అధికారం కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు ఉంది. అయితే కేసు నడిచే కాలం మరమ్మతు కాలం కన్నా చాలా ఎక్కువ. గెలిచినా ఓడినా అదే మెట్లదారిలో ఎదురుపడవలసిన కుటుంబాలకు సంఘం సమక్షంలో కుదిరే రాజీయే ఎక్కువ కాలం నిలుస్తుంది.

అందుచేత ఇటువంటి ఊళ్లలోని అపార్ట్‌మెంటు సంఘాలు చేయదగినది చిన్న నియమావళి రాసుకోవడం. వారం ముందు నోటీసు, ఆదివారాల్లో పండుగల్లో మోత పనుల నిషేధం, లిఫ్టుకు మెట్లకు కలిగే నష్టానికి తిరిగి ఇచ్చే డిపాజిట్టు వంటివి హైదరాబాదులోని అనేక అపార్ట్‌మెంట్లలో ఇప్పటికే అమల్లో ఉన్నాయి. బిలాస్‌పూర్ వంటి చోట వాటికి తోడుగా, రాత్రి డ్యూటీ చేసే ఇళ్ల జాబితాను సంఘం కార్యదర్శి దగ్గర ఉంచి, మరమ్మతు చేయించేవారు దాన్ని చూసిన తరువాతే పని వేళలు ఖరారు చేసుకోవాలన్న ఒక్క నియమాన్ని చేర్చాలి. దీనికి ఖర్చు ఏమీ లేదు, ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు. ఈరోజు పొరుగింటి నిద్ర కోసం గ్రైండర్ ఆపిన కుటుంబానికి, రేపు తమ ఇంటి మనిషి రాత్రి డ్యూటీ దిగి వచ్చినప్పుడు అదే నియమం రక్షణగా నిలుస్తుంది.